నాలుక టిక్కు పెడుతుంది సరే, లిస్టు రాసేదెవరు?

"అడవిలో కోతికి డైటీషియన్ ఎవర్రా?"

మొన్న మధ్యాహ్నం లంచ్ బాక్సులు విప్పుకుని కూర్చున్నప్పుడు నా స్నేహితుడు వేసిన ప్రశ్న ఇది. అప్పటికి నేను నా బ్లడ్ రిపోర్టు చేతిలో పట్టుకుని, డాక్టర్ మానేయమన్నవన్నీ ఒక్కొక్కటిగా చెప్పుకుని వాపోతున్నాను. వాడి సిద్ధాంతం చాలా తేలిక. ఒంటికి ఏం కావాలో ఒంటికే తెలుసు. తీపి మీదకి మనసు పోయిందంటే లోపల తీపి తక్కువైందన్నమాట. జంతువులు చార్టులు చూసి తింటాయా? నోటికి నచ్చింది తింటాయి, నిక్షేపంలా ఉంటాయి. మనమే కేలరీలు లెక్కపెట్టుకుంటూ కూర్చుని చెడిపోయాం.

ఎదురుగా ఉన్న మా సీనియర్ మేడమ్ ఊరుకోలేదు. ఆవిడది దీనికి సరిగ్గా తలకిందుల వాదం. నాలుకంత దొంగ ఇంకోటి లేదు, దాని మాట విన్నవాడు బాగుపడడు, నోరు కట్టుకున్నవాడే మనిషి అంటారావిడ. ఆవిడ బాక్సులో ఉడికించిన కూరముక్కలు, వాడి బాక్సులో కేక్ ముక్క. ఎవరి వాదానికి వాళ్ళ దగ్గర సాక్ష్యం కూడా రెడీగా ఉంది.

నేను ఇద్దరికీ తలూపి ఊరుకున్నాను. కానీ ఇంటికొచ్చాక కూడా కోతి ప్రశ్న వదల్లేదు. ఈ విషయం మీద నేను కొన్నేళ్ళుగా కనిపించిందల్లా చదువుతున్నాను, ఎందుకన్నది కాసేపట్లో చెప్తాను. ఆలోచిస్తే అర్థమైంది, వాళ్ళిద్దరూ పోట్లాడుకుంటున్నట్టు కనిపించినా ఇద్దరిదీ ఒకటే పొరపాటు. ఏం తినాలో నాలుకే తేలుస్తుందని ఇద్దరూ నమ్ముతున్నారు. ఒకరు దాన్ని గురువంటే ఒకరు దొంగంటున్నారు, అంతే తేడా. అడవిలో కోతులు, చింపాంజీలు ఎలా తింటాయో చూస్తే, నాలుకకి అంత పెద్ద ఉద్యోగం ఎప్పుడూ లేదని తెలుస్తుంది. లిస్టు ఎక్కడో తయారవుతుంది. నాలుక దాని మీద టిక్కులు పెడుతుంది.

నాకీ పిచ్చి పట్టించింది ఒక కాగితం ముక్క. మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు కోసం పీటీసీ పేపర్లు తెప్పించాం. పీటీసీ అంటే ఫినైల్‌థయోకార్బమైడ్. ఆ రసాయనం పూసిన కాగితాలు చూడ్డానికి తెల్లకాగితాన్ని సన్నగా కత్తిరించినట్టుంటాయి. ముగ్గురం తలా ఒకటి నాలుక మీద పెట్టుకున్నాం. మూడు సెకన్లు గడిచాయో లేదో మా ఆవిడ మొహం ముడుచుకుపోయింది, కాగితం ఉమ్మేసి సింక్ దగ్గరికి పరిగెత్తింది. అమ్మాయి నాలుక బయటపెట్టి చొక్కా అంచుతో తుడుచుకుంటోంది. నేను మాత్రం తడిసిన కాగితం నములుతూ, వీళ్ళకేమైందా అని చూస్తూ నిలబడ్డాను. తల్లీకూతుళ్ళు కలిసి నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నాను. వాళ్ళేమో నేనే బడాయి పోతున్నానని ఇంకో రెండు కాగితాలు నోట్లో కుక్కారు. వాటికీ రుచి లేదు.

ఈ పీటీసీ కథ మొదలైందే ఇలాంటి తగువుతో. 1931లో డ్యూపాంట్ కంపెనీ ల్యాబ్‌లో ఆర్థర్ ఫాక్స్ అనే కెమిస్టు ఈ పొడిని సీసాలో పోస్తుంటే కాస్త గాల్లోకి లేచింది. పక్కనున్న సహోద్యోగి చేదు చేదని గోల పెట్టాడు. ఇంకా దగ్గరగా నిలబడ్డ ఫాక్స్‌కి ఏమీ తెలియలేదు. ఇద్దరూ పంతానికి పోయి పొడిని మళ్ళీ మళ్ళీ నాకి చూశారు. ఎవరి మాట వాళ్ళదే. తర్వాత కనిపించినవాళ్ళందరికీ తినిపించి చూస్తే తేలింది, మనుషుల్లో కొందరికి ఇది భరించలేని చేదు, కొందరికి ఉత్త సుద్ద. ఆ తేడా కుటుంబాల్లో తరం నుంచి తరానికి వస్తోంది.

అసలు విశేషం 1939 నాటిది. జన్యుశాస్త్రంలో పెద్ద పేర్లు రొనాల్డ్ ఫిషర్, ఎడ్మండ్ ఫోర్డ్, జూలియన్ హక్స్‌లీ కలిసి ఇదే పీటీసీని జూలో చింపాంజీలకి పట్టారు. కొన్ని చటుక్కున ఉమ్మేశాయి. కొన్ని ఏమీ ఎరగనట్టు మింగేశాయి. మింగినవి దాదాపు పావు వంతు. మనుషుల్లోనూ ఇంచుమించు అలాంటి లెక్కే ఉండేసరికి, ఈ తేడా మనకీ చింపాంజీలకీ ఉమ్మడి పూర్వీకుల నుంచే వచ్చి ఉంటుందని వాళ్ళు తేల్చారు. వినడానికి ఎంత బాగుందో! అరవై ఏళ్ళకి పైగా అందరూ దాన్నే నమ్మారు.

2003లో ఆ చేదుని పట్టే రిసెప్టర్ (నాలుక మీద రుచిని గుర్తించే అణువు) జన్యువు దొరికింది. పేరు టాస్2ఆర్38. 2006లో చింపాంజీల జన్యువు చదివి చూస్తే ఫిషర్ బృందం లెక్క తప్పింది. నాలాంటి మనుషుల్లో ఆ జన్యువులో మూడు చోట్ల మార్పులున్నాయి. చింపాంజీల్లో అవేవీ లేవు. వాటిలో జన్యువుని చదవడం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే గుర్తే చెడిపోయింది. అంటే ఒకే చేదు రెండు జాతుల్లో రెండు వేర్వేరు దారుల్లో మాయమైంది. జపాన్‌లో కీ ద్వీపకల్పంలోని కోతుల్లో కూడా ఇదే జన్యువు పాడైనవి ఉన్నాయని ఆ తర్వాత బయటపడింది.

నాకు ఇక్కడ తట్టింది ఇది. నాలుక ఒంటి అవసరాలు చెప్పే యంత్రమే అయితే, ఒకే వంట తింటూ ఒకే ఇంట్లో బతుకుతున్న నాకూ మా ఆవిడకీ రెండు రకాల యంత్రాలెందుకు? పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని ఊరికే అనలేదు పెద్దలు. ఇవి చిన్న చిన్న సెన్సర్లు. కొన్ని పనిచేస్తాయి, కొన్ని పనిచేయవు. పనిచేయకపోయినా బండి నడుస్తుంది. చేదుకి మనిషిలో దాదాపు 25 రకాల రిసెప్టర్లున్నాయి. తీపికి ఉన్నది ఒక్కటే జత. ప్రపంచంలో విషాలు వేలరకాలు, చక్కెరలు కొన్నే కాబట్టి ఈ లెక్క ఇలా ఉందనిపిస్తుంది. (నాలుక కొసన తీపి, వెనక చేదు అని మనం స్కూల్లో గీసిన మ్యాపు ఉంది చూశారూ, అది శుద్ధ తప్పు. నాలుకలో రుచి మొగ్గలున్న ప్రతిచోటా అన్ని రుచులూ తెలుస్తాయి. ఆ బొమ్మకి నాకు ఐదు మార్కులొచ్చాయి, అది వేరే సంగతి.)

పుట్టిన కొద్ది గంటలకే పసిపిల్లల నాలుక మీద తీపి చుక్క వేస్తే పెదాలు చప్పరిస్తారు, చేదు చుక్క వేస్తే నోరు బార్లా తెరిచి బయటికి తోసేస్తారు. జేకబ్ స్టైనర్ అనే ఆయన ఈ మొహాలని ఏళ్ళ తరబడి పరిశీలించాడు. 2001లో ఆయనా మరికొందరూ కలిసి 11 జాతుల ప్రైమేట్ల (కోతులు, వానరాల వంశం) మొహాలని కూడా పసిపిల్లల మొహాల పక్కన పెట్టి చూపించారు. తీపికి ఒకలా, చేదుకి ఇంకోలా మొహం పెట్టడం వాటిలోనూ ఉంది. మనకి దగ్గరి చుట్టాలైన పెద్ద వానరాల మొహాలు మన పిల్లలవాటికి మరీ దగ్గర. అంటే ఈ మొదటి స్పందన ఎవరూ నేర్పేది కాదు. కానీ గమనించండి, ఇది "లోపలికి రానీ" లేక "వద్దు" వరకే. ఎంత తినాలి, ఎప్పుడు ఆపాలి, రేపు కడుపు ఏమంటుంది అన్న ప్రశ్నలకి ఇందులో జవాబు లేదు.

పైగా దాన్ని మోసం చేయడం ఎంత తేలికో నాకు స్వయంగా తెలుసు. ఎవరో చెబితే పొడపత్రి ఆకు ఒకటి బాగా నమిలి, ఒక నిమిషం నోట్లో తిప్పి, ఉమ్మేసి, చెంచాడు పంచదార వేసుకున్నాను. అరిటాకులో ఇసుక పడితే పంటి కింద ఎలా ఉంటుందో అచ్చం అలా ఉంది. గింజ గింజా తగులుతోంది, కరుగుతోంది, గొంతులోకి జారుతోంది, తీపి మాత్రం లేదు. ఉప్పు వేసుకుంటే ఉప్పగానే ఉంది. తీపి ఒక్కటే కరెంటు పోయినట్టు పోయింది. అరగంటకి గానీ మళ్ళీ రాలేదు. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు తీపి రిసెప్టర్‌కి అడ్డం పడతాయి. ఈ కనికట్టు మనుషుల మీద, చింపాంజీల మీద బాగా పనిచేస్తుంది. చాలా జంతువుల మీద పనిచేయదు.

దీనికి తలకిందుల మోసం కూడా ఉంది. మధ్య ఆఫ్రికాలో పెంటాడిప్లాండ్రా అనే తీగ తన పళ్ళలో బ్రాజీన్ అనే ప్రొటీన్ పెడుతుంది. అది పంచదార కన్నా ఎన్నో వందల రెట్లు తీపి, కానీ శక్తి దాదాపు సున్నా. చక్కెర ఖర్చు లేకుండా గింజలు మోయించుకునే ఉపాయం అన్నమాట. మనమూ చింపాంజీలూ ఆ తీపికి పడిపోతాం. అదే అడవిలో ఉండే గొరిల్లా రిసెప్టర్‌లో మార్పులున్నాయి, దానికి బ్రాజీన్ తీపి తగలకపోవచ్చని 2016లో ఒక బృందం చెప్పింది. మొక్క మోసం చేస్తే నాలుక జాతి జాతిగా మారుతూ రావాల్సిందే. అదంతా లక్షల ఏళ్ళ వ్యవహారం. మా స్నేహితుడి కేక్ ముక్కకి అంత టైమ్ ఎక్కడుంది?

ఇక వాడి కోతి దగ్గరికే వద్దాం. కోతికి డైటీషియన్ లేడన్నాడు కదా. ఉన్నారు! 2014 జనవరిలో ఇంగ్లాండులోని పేన్టన్ జూ వాళ్ళు కోతులకి అరటిపళ్ళు పెట్టడం ఆపేశారు. మనం తినడానికి పెంచే పళ్ళలో తీపి చాలా ఎక్కువ, పీచు, ప్రొటీన్ తక్కువ. అడవిపళ్ళతో పోలిస్తే అరటిపండు కోతికి కేకులాంటిదే. పళ్ళు పుచ్చిపోవడం, షుగర్ జబ్బు లాంటివి వస్తాయని, పళ్ళకి బదులు ఆకుకూరలు, కూరగాయలు మొదలుపెట్టారు. ఆ కోతులకి నాలుకలు అడవిలోవే. పుట్టుకతో వచ్చిన తెలివి ఏదైనా ఉంటే అదీ అడవిదే. మారింది ఎదురుగా పెట్టిన పళ్ళెం ఒక్కటే.

ఇదే విషయం మనుషుల పిల్లల్లో ఎప్పుడో బయటపడింది, కాకపోతే దాన్ని చాలామంది తప్పుగా గుర్తుపెట్టుకున్నారు. 1920లలో క్లారా డేవిస్ అనే అమెరికా డాక్టరు అప్పుడే పాలు మానిన 15 మంది పసిపిల్లల ముందు పళ్ళేలు పెట్టి, నచ్చింది తినమని వదిలేసింది. పక్కనున్న నర్సు చెంచా పట్టుకుని కూర్చుంటుంది, పిల్ల చేయి చూపిస్తేనే పెడుతుంది, పొగడదు, బుజ్జగించదు. ఒక్కొక్క పిల్ల తిన్న తీరు ఒక్కొక్క విడ్డూరం. అయినా అందరూ పుష్టిగా పెరిగారు. రికెట్స్ (ఎముకలు మెత్తబడే జబ్బు) ఉన్న ఒక బాబు చేపనూనె తాగి తాగి, జబ్బు నయమయ్యాక దాన్ని మానేశాడు. "చూశారా, ఒంటికే అన్నీ తెలుసు" అనడానికి ఇంతకన్నా ఏం కావాలి? మా స్నేహితుడికి ఈ సంగతి తెలియదు గానీ, తెలిస్తే ఫ్రేమ్ కట్టించుకుంటాడు.

కానీ డేవిస్ తానే 1939లో అసలు కిటుకు బయటపెట్టింది. కిటుకంతా లిస్టులో ఉందని చెప్పింది. ఆమె పెట్టిన 34 రకాల్లో పళ్ళు, కూరగాయలు, మాంసం, గుడ్లు, పాలు, ముడిధాన్యాలు ఉన్నాయి. పంచదార లేదు, డబ్బాల్లో నిల్వ చేసినవి లేవు. అందులోంచి ఎలా ఎంచుకున్నా మరీ చెడిపోవడం కష్టం. నాసిరకం తిండిని ముందు పెట్టి ఎంచుకోమంటే ఈ స్వేచ్ఛకి విలువ లేదని ఆవిడే రాసింది. ఆ వాక్యాన్ని వదిలేసి, మిగతాది దశాబ్దాలుగా అందరూ వాడుకుంటున్నారు.

అడవిలో లిస్టు రాసే డాక్టరమ్మ ఉండదు. అక్కడ ఋతువు రాస్తుంది. బోర్నియోలో అడవి చెట్లు చాలావరకు కొన్నేళ్ళకొకసారి కలిసికట్టుగా కాస్తాయి. అప్పుడు ఒరంగుటాన్‌లు కడుపు పగిలేలా తిని కొవ్వు పట్టిస్తాయి. పళ్ళు అయిపోయాక నెలల తరబడి చెట్టు బెరడు చీల్చుకుని తింటాయి. గునుంగ్ పాలుంగ్ అడవిలో వాటి మూత్రం పరీక్షించిన షెరిల్ నాట్‌కి, ఆ రోజుల్లో అవి ఒంట్లో కొవ్వు కరిగించుకుని బతుకుతున్నాయని తెలిపే కీటోన్లు కనబడ్డాయి. తీపి కనబడితే వదలకూడదన్న పిచ్చి ఆ జీవికి వరం. ఎందుకంటే తీపి ఎక్కువ రోజులు కనబడదు. బెరడు రుచిగా ఉంటుందని ఎవరూ అనుకోరు, ఆకలి రుచి ఎరగదు.

ఉగాండాలోని కిబాలే అడవిలో చింపాంజీ అత్తిపండుని ఎలా ఎంచుకుంటుందో చదివినప్పుడు నాకు మార్కెట్లో మా అమ్మ గుర్తొచ్చింది. కొన్ని అత్తిపళ్ళు పండినా ఆకుపచ్చగానే ఉంటాయి, రంగు చూసి లాభం లేదు. చింపాంజీ చేయి చాచి బొటనవేలికీ చూపుడువేలి పక్కకీ మధ్య పండుని పట్టి నొక్కుతుంది. గట్టిగా ఉంటే వదిలేస్తుంది. మెత్తగా ఉంటే తెంపుతుంది. అనుమానముంటే ముందుపళ్ళతో కాస్త కొరుకుతుంది. నాలుక వంతు చివరాఖరికి వస్తుంది. ఒక్కొక్క కాయనీ కొరికి చూడ్డం కన్నా నొక్కి చూడ్డం చాలా త్వరగా అయిపోతుంది. మనం తింటున్నది నాలుకతో అనుకుంటాం గానీ, అప్పటికి కన్నూ వేలూ ముక్కూ కలిసి సగం పని చేసేసి ఉంటాయి.

ఉప్పు విషయంలో మాత్రం మావాడికి మార్కులివ్వాలి. ఉగాండాలోని బ్విండిలో కొండగొరిల్లాలు పుచ్చిన చెట్టు దుంగలు నాకుతూ, నములుతూ కూర్చుంటాయి. చాలాకాలం అదేం పిచ్చో ఎవరికీ అంతుపట్టలేదు. 2006లో జెస్సికా రాత్‌మన్ బృందం కొలిచి చూస్తే, వాటి తిండి బరువులో ఆ చెక్క 3.9 శాతమే, కానీ వాటికి అందే సోడియంలో 95 శాతానికి పైగా అందులోంచే వస్తోంది. ఆకులు తినే జీవికి ఉప్పు కొరత తప్పదు. దానికోసం ఒళ్ళే వెతికించే ఏర్పాటు జంతువుల్లో నిజంగా ఉంది. ఇలాంటి ఏర్పాటు ప్రతి విటమిన్‌కీ ఉందనుకోవడం దగ్గరే చిక్కు. ఐరన్ తగ్గితే పాలకూర మీద మనసు పోదు. నాకు తెలిసినవాళ్ళలో ఎవరికీ పోలేదు.

ఇప్పుడు చావ్‌సికు దగ్గరికొస్తాను. నేను చదివినవాటన్నిట్లోకీ నాకు ఇష్టమైన కథ.

1987 నవంబరు. టాంజానియాలో మహాలే కొండలు. మైఖేల్ హఫ్‌మన్ అనే పరిశోధకుడు, ఆయనతో పాటు ఆ అడవి ఆకులలములు తెలిసిన మొహమెది సైఫు కలుండె, ఒక ఆడ చింపాంజీ వెంట తిరుగుతున్నారు. పేరు చావ్‌సికు. దానికి ఒంట్లో బాగోలేదు. మిగతావి మేస్తుంటే అది పగటిపూటే పడుకుంటోంది. ఉన్నట్టుండి లేచి ఒక పొద దగ్గరికి వెళ్ళింది. లేత కొమ్మ విరిచింది. ఆకులు తీసేసింది, పైబెరడు ఒలిచింది, లోపలి మెత్తని గుజ్జుకాడ నమిలి రసం మింగింది, పిప్పి ఉమ్మేసింది. అది వెర్నోనియా అమిగ్డలీనా. పరమ చేదు. చింపాంజీలు మామూలుగా ముట్టని మొక్క. హఫ్‌మన్ అదేమిటని అడిగితే, మా టోంగ్వే వాళ్ళకి అది కడుపు జబ్బులకి గట్టి మందు అన్నాడు సైఫు. మర్నాటికి చావ్‌సికు కోలుకుని మేతకి దిగింది.

తర్వాత ఇంకో జబ్బు చింపాంజీ ఇదే మొక్క నమిలినప్పుడు దాని పెంటలో పురుగుల గుడ్లు లెక్కపెట్టారు. 20 గంటల్లో 130 నుంచి 15కి పడిపోయాయి. ఆకుల్లో, బెరడులో విషపదార్థాలెక్కువ, అవి వదిలేసి గుజ్జు ఒక్కటే నమలడం చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది.

ఈ కథని కూడా "ప్రకృతి తెలివి" ఖాతాలో వేసేస్తారు. నాకలా కనబడదు. చావ్‌సికు నాలుకని నా పీటీసీ పేపర్ దగ్గర నిలబెడితే ఏం చెబుతుంది? వద్దు, ఉమ్మేయ్ అంటుంది. ఆ మాట వినకపోవడమే ఆ చింపాంజీ చేసిన తెలివైన పని. మరి ఎవరి మాట విన్నట్టు? జబ్బుపడ్డ పెద్దవి నమిలి పడేసిన ముక్కల్ని పక్కనున్న పిల్లలు నోట పెట్టి చూడడం మహాలేలో గమనించారు. మొహం చిట్లిస్తాయి, వదిలేస్తాయి. కానీ ఒంట్లో బాగోలేనప్పుడు అమ్మ దేని దగ్గరికి వెళ్ళిందో ఆ పిల్లకి తెలిసిపోయింది. నా ఊహ ఏంటంటే, ఆ తర్వాతి పాఠం కడుపు నేర్పుతుంది. చేదు మింగాక నొప్పి తగ్గింది అన్న ఒక్క అనుభవం చాలు.

కడుపు ఎంత గట్టి మాస్టారో నాకు బాగా తెలుసు. పన్నెండేళ్ళప్పుడు పైనాపిల్ ఐస్‌క్రీమ్ తిన్న రాత్రే వైరల్ జ్వరం, వాంతులు. ఐస్‌క్రీమ్ తప్పేమీ లేదు, క్లాసులో సగం మందికి అదే జ్వరం. ఆ సంగతి నా బుర్రకి తెలుసు. కడుపుకి చెప్పి చూడండి. ముప్ఫై ఏళ్ళయింది, ఇవాళ్టికీ పైనాపిల్ వాసనొస్తే నోట్లో నీళ్ళు ఊరతాయి, తినడానికి కాదు. జాన్ గార్సియా అనే శాస్త్రవేత్త ఎలుకల మీద 1950లలో, 60లలో తేల్చింది ఇదే. తిన్న గంటల తర్వాత కడుపులో తిప్పినా నేరం రుచి మీదే పడుతుంది, ఒక్కసారి చాలు. దీనికి రెండో వైపు కూడా ఉంది. తీపి రుచే తెలియకుండా జన్యువు మార్చిన ఎలుకలకి ఒక సీసాలో నీళ్ళు, ఇంకో సీసాలో పంచదార నీళ్ళు పెడితే, కొన్నాళ్ళకి పంచదార సీసా దగ్గరే చేరాయని 2008లో చూపించారు. నాలుకకి రెండూ ఒకటే. కడుపు మాత్రం లోపలినుంచి కబురు పంపుతోంది.

ఇంత చెప్పాక కూడా, నన్ను అన్నిటికన్నా కదిలించింది రంగు మొక్కజొన్న. ఎరికా వాన్ డి వాల్, ఆండ్రూ వైటెన్ బృందం దక్షిణాఫ్రికాలో అడవిలో తిరిగే వెర్వెట్ కోతుల గుంపులకి రెండు పెట్టెలు పెట్టింది. ఒకదాంట్లో గులాబీ రంగు వేసిన మొక్కజొన్న, ఇంకోదాంట్లో నీలం. కొన్ని గుంపులకి గులాబీలో చేదు కలిపారు, కొన్నిటికి నీలంలో. కోతులు నోట పెట్టి, ఉమ్మి, కొన్నాళ్ళకి తేల్చుకున్నాయి. కొన్ని నెలల తర్వాత మళ్ళీ రెండు పెట్టెలూ పెట్టారు, ఈసారి ఎందులోనూ చేదు లేదు. అప్పటికి కొత్తగా పుట్టిన పిల్లలు 27. వాటికి చేదు సంగతే తెలియదు, రెండు రంగులూ ఒకటే రుచి. 26 పిల్లలు అమ్మ తినే రంగే తిన్నాయి. కొన్ని అయితే అమ్మ వద్దన్న పెట్టె మీద కూర్చుని మరీ పక్క పెట్టెలోది తిన్నాయట.

మగకోతులు ఈడొచ్చాక పుట్టిన గుంపు వదిలి వేరే గుంపులో చేరతాయి. నీలం చేదని స్వయంగా నాలుకతో తెలుసుకున్న మగకోతి నీలం తినే గుంపులోకి వెళ్తే ఏం చేస్తుంది? దాదాపు అన్నీ కొత్త గుంపు రంగులోకి మారిపోయాయి. తన నాలుక నేర్చిన పాఠాన్ని పక్కనపెట్టి, పక్కవాళ్ళ పళ్ళెంలోకి చేయి పెట్టాయి. ఇది 2013లో అచ్చయింది. చదివిన రోజు నేను నా కాఫీ కప్పు వైపు చూసుకున్నాను.

నా మొదటి ఉద్యోగంలో ఒక సీనియర్ ఉండేవారు, పాలూ పంచదారా లేని కాఫీ తాగేవారు. ఆ టీమ్‌లో అందరూ అదే. మొదటి వారం నేను గుక్క మింగి, ఎవరూ చూడకుండా కుండీలో పారబోశాను (మొక్క చచ్చిపోలేదు, ఇంకా పచ్చబడింది). రెండో నెలకి తాగగలిగాను. ఇప్పుడు అది లేకపోతే తలనొప్పి. నా నాలుకలో ఒక్క రిసెప్టరూ మారలేదు. నేను చేదుకి కొంచెం చెవిటివాణ్ణే గానీ, కాఫీ చేదు నాకు నిక్షేపంగా తెలుస్తుంది, అది వేరే రిసెప్టర్ల పని. మారింది నా గుంపు. గుంపు పరిచయం చేసింది, కెఫీన్ తర్వాత లోపలినుంచి ఓటేసింది.

అందుకే మేడమ్‌గారి "నోరు కట్టుకో" నాకు నచ్చదు, మావాడి "నోటికి వదిలెయ్" అంతకన్నా నచ్చదు. తీపి కనబడగానే చేయి చాచడం నాలుక చేసిన నేరం కాదు, ఒరంగుటాన్ కొమ్మ మీద అదే పని చేస్తే మెచ్చుకుంటాం. దాని ముందు ఏడాది పొడుగునా కాపు కాసే చెట్టు పెట్టింది మనం. పెట్టి, రోజుకి పదిసార్లు పట్టుదలతో దాన్ని దాటుకుని పొమ్మంటున్నాం. పదోసారి ఓడిపోతే గిల్టీగా ఫీలవమంటున్నాం. నా మటుకు నేను యుద్ధాన్ని కొట్టు దగ్గరికి మార్చుకున్నాను. సరుకుల లిస్టు కడుపునిండా తిన్నాక రాస్తాను. ఇంట్లోకి వచ్చినదాన్ని మాత్రం మనసారా తింటాను, నాలుకతో గొడవ లేదు. ఇది అందరికీ కుదురుతుందని అనను. ఇద్దరు ముగ్గురు షిఫ్టుల్లో పనిచేసే ఇంట్లో లిస్టు రాసే తీరికే ఉండదు, వాళ్ళ లిస్టుని దగ్గర్లో ఏది దొరికితే అదే రాస్తుంది. వాళ్ళకి నోరు కట్టుకోమని నీతులు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట.

పిల్లల విషయంలో ఇంకో మాట. కొత్త కూర ఒకసారి ఉమ్మేస్తే "మా వాడికి పడదు" అని ముద్ర వేసేస్తాం. మొదటిసారి ఉమ్మడం వాడి డ్యూటీ. ఎనిమిది పది సార్లు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువసార్లు, బలవంతం లేకుండా ముందు పెడితే ఇష్టపడడం మొదలుపెడతారని పిల్లల తిండి మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. అంతకన్నా ముఖ్యం, పక్కన కూర్చున్న పెద్దాళ్ళు అదే తింటూ కనబడడం. మేం రెండేళ్ళ పాటు అమ్మాయికి ఆకుకూర పెట్టి మేం వేరేది తిన్నాం. రంగు పెట్టె మీద కూర్చున్న పిల్ల కోతి మాకన్నా తెలివైంది.

నిన్న ఇదంతా రాస్తూ కూర్చుంటే అమ్మాయి వచ్చి పక్కన చేరింది. కప్పులో ఏముందని అడిగి, వద్దనేలోపే ఒక గుక్క వేసింది. పీటీసీ కాగితం రోజు మొహమే మళ్ళీ. నోరు బార్లా తెరిచి, నాలుక బయటపెట్టి, చొక్కా అంచు కోసం వెతుక్కుంది. "ఛీ, ఎలా తాగుతావు నాన్నా దీన్ని?" అంది. సమాధానం చెప్పేలోపు కప్పు నా చేతిలోంచి జాగ్రత్తగా లాక్కుంది.

"ఇంకొక్క గుక్క. చూస్తా."